పాత రేంజ్‌ఫైండర్ కెమెరా: కిటికీలో రెండు బొమ్మలు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఫిల్ము కెమెరాలు మళ్లీ జనం చేతుల్లోకి వస్తున్న సంగతిపై ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో రేంజ్‌ఫైండర్ కెమెరాలకు, అంటే ఎదుటి వస్తువు దూరాన్ని కొలిచి ఫోకస్ కుదిర్చే కిటికీ ఉన్న కెమెరాలకు, కేటాయించిన రెండు పేరాలు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఫిల్ముతో ఫొటోలు తీసేవారు నెమ్మదిస్తారనీ, రీలుకు 36 ఫ్రేములే ఉంటాయి కాబట్టి ఒక్కొక్కదాన్నీ ఆచితూచి ఖర్చు పెడతారనీ వ్యాసకర్త అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే, వాడిన రేంజ్‌ఫైండర్ కెమెరాను మూడు నెలల క్రితం కొని, ఇప్పటికి నాలుగు రీళ్లు పూర్తిచేసిన నా అనుభవంలో, నన్ను ఆపి నిలబెట్టింది ఫ్రేముల లెక్క కాదు. ఎదుటి మనిషి నాకు ఎంత దూరంలో ఉన్నాడో ప్రతిసారీ తేల్చి చెప్పమని అడిగే ఆ కెమెరా కిటికీ. ఇలాంటి కెమెరా కొనాలనుకునే వారికీ, బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్నదాన్ని బయటికి తీయాలనుకునే వారికీ ఈ తేడా ముందే తెలిస్తే మేలని నా నమ్మకం.

నా దగ్గర ఉన్నది 1970లలో జపాన్‌లో తయారైన కెమెరా. లెన్స్ 40 మిల్లీమీటర్లది, దాన్ని విప్పి మరొకటి బిగించడానికి వీలు లేదు. ఎపర్చర్, అంటే వెలుతురును లోపలికి వదిలే రంధ్రం, ఎఫ్ 1.7 వరకు తెరుచుకుంటుంది (ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). ఆ కాలంలో క్యానన్ వారి క్యానోనెట్, యాషికా వారి ఎలక్ట్రో 35, మినోల్టా వారి హై-మ్యాటిక్, ఒలింపస్ 35 వరుస కెమెరాలు అన్నీ దాదాపు ఈ అచ్చులోనే వచ్చాయి. (1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగినప్పుడు తన వెంట తీసుకెళ్లిన చిన్న కెమెరా కూడా మరో పేరు తగిలించిన హై-మ్యాటికే.) నాది వీటిలో ఏదన్న విషయం ఈ ఉత్తరానికి అవసరం లేదు. నేను చెప్పబోయే లోపాలు యాభై ఏళ్ల వయసు వల్ల వచ్చినవే తప్ప, తయారుచేసినవారి పనితనంలోనివి కావు.

మొదటిసారి దాన్ని కంటికి ఆనించుకున్నప్పుడు నాకు కలిగినది ఆశ్చర్యం కన్నా అయోమయమే. అంతకుముందు నేను వాడినవి ఎస్ఎల్ఆర్ కెమెరాలు. వాటిలో లెన్స్ చూసేదే కన్నూ చూస్తుంది. ఫోకస్ కుదరకపోతే ఎదుట ఉన్నదంతా మసకబారుతుంది, కుదిరితే విచ్చుకున్నట్టు తేటపడుతుంది. రేంజ్‌ఫైండర్‌లో అలా జరగదు. కిటికీలో లోకమంతా ఎప్పుడూ తేటగానే ఉంటుంది, దగ్గరి గడపా, దూరపు చెట్టూ, ఆ వెనక మేఘమూ ఒకే స్పష్టతతో కనిపిస్తాయి. ఫొటోలోకి వచ్చే భాగం ఎంతో చెప్పడానికి అంచుల్లో సన్నని వెలుగు గీతలుంటాయి. నడిమధ్యలో మాత్రం లేత పసుపు రంగులో, చిటికెన వేలి గోరంత ఉన్నట్టనిపించే ఒక మచ్చ ఉంటుంది. ఆ మచ్చలో పడినదేదైనా రెండుగా కనబడుతుంది. లెన్స్ కింద ఉన్న చిన్న మీటను వేలితో పక్కకు జరుపుతూ పోతే, రెండో బొమ్మ నీడలా జరిగి జరిగి మొదటిదానిలో కలిసిపోతుంది. కలిసిన చోట ఫోకస్ కుదిరినట్టు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒకసారి కుడికన్ను, ఒకసారి ఎడమకన్ను మూసి చూడండి. వెనక ఉన్న గోడ మీద వేలు అటూ ఇటూ గంతు వేసినట్టు కనిపిస్తుంది. వేలిని ముఖానికి దగ్గరగా తెస్తే ఆ గంతు పెద్దదవుతుంది, దూరం జరిపితే చిన్నదవుతుంది. గంతు ఎంతో తెలిస్తే దూరమెంతో లెక్కగట్టవచ్చు. కెమెరా ముఖాన పక్కపక్కన ఉండే రెండు కిటికీలు ఆ రెండు కళ్లే. పెద్ద కిటికీలోంచి మన కన్ను నేరుగా చూస్తుంది. చిన్న కిటికీలోంచి వచ్చిన బొమ్మను లోపలి అద్దం పక్కకు తిప్పి పంపుతుంది. సగం కాంతిని వదిలి సగం కాంతిని మళ్లించే మరో అద్దం ఆ రెంటినీ ఒకదానిపై ఒకటి పరుస్తుంది. లెన్స్ ముందుకూ వెనక్కూ కదిలినప్పుడల్లా ఆ కదలిక ఒక చిన్న మీట ద్వారా లోపలి భాగాన్ని కదిలిస్తుంది కాబట్టి, బొమ్మలు కలవడమూ లెన్స్ ఆ దూరానికి కుదరడమూ ఒకేసారి జరుగుతాయి. రెండు కిటికీల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే కొలత అంత నికరంగా వస్తుంది. 1954లో వచ్చిన జర్మన్ కెమెరా లైకా ఎం3లో ఆ ఎడం ఏడు సెంటీమీటర్లకు కొంచెమే తక్కువ. నా కెమెరాలో దానికి సగం ఉంటుందేమో. లెన్స్ 40 మిల్లీమీటర్లదే కనుక అది సరిపోతుంది. 135 మిల్లీమీటర్ల లెన్సుకైతే చాలదు.

ఇక్కడే వ్యాసంలోని ఒక పొరపాటును సవినయంగా ఎత్తిచూపాలి. 1925లో లీప్‌జిగ్ సంతలో లైకా విడుదలైనప్పుడే రేంజ్‌ఫైండర్ పుట్టిందని అందులో ఉంది. ఆస్కార్ బార్నాక్ రూపొందించిన ఆ మొదటి లైకాలో రేంజ్‌ఫైండర్ లేనేలేదు. దూరాన్ని కంటితో అంచనా వేసి, లెన్స్ మీది అంకెల దగ్గర పెట్టుకోవలసిందే. కావాలనుకున్నవారు విడిగా దొరికే రేంజ్‌ఫైండర్‌ను కెమెరా నెత్తిన తగిలించుకుని, అది చెప్పిన అంకెను చూసి మళ్లీ లెన్స్ మీదికి ఎక్కించుకునేవారు. లెన్సుతో జతచేసిన రేంజ్‌ఫైండర్ లైకా కెమెరాలోకి వచ్చింది 1932లో, లైకా 2తో. అదే ఏడాది జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ కూడా ఆ సదుపాయంతోనే బయటికి వచ్చింది. మొత్తం కెమెరాల చరిత్రలోకి వెళితే, 1916 నాటి కొడాక్ వారి 3ఎ ఆటోగ్రాఫిక్ స్పెషల్ అనే మడత కెమెరా ఈ రెంటికన్నా చాలా ముందే ఆ సదుపాయంతో వచ్చింది. ఈ వివరం పండితుల తర్కంలా అనిపించవచ్చు. కానీ దూరాన్ని విడిగా కొలిచి, ఆ అంకెను చేత్తో ఎక్కించుకునే పనికీ, చూస్తూ చూస్తూనే ఫోకస్ కుదిర్చే పనికీ మధ్య ఉన్న తేడాయే ఈ కెమెరాల ప్రాణం. ఆ ఏడేళ్ల ఎడాన్ని చెరిపేస్తే అసలు విషయమే జారిపోతుంది.

ఇక నా మొదటి రీలు సంగతి. ఆ రీలులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఫ్రేము పద్నాలుగోది. మా అమ్మ కిటికీ పక్కన కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, సూదిలో దారం ఎక్కిస్తోంది. నేను మీటరు దూరంలో కూర్చున్నాను. పసుపు మచ్చను సూది మీదికి తెస్తే అందులో రెండు సూదులు, రెండు దారపు కొసలు కనిపించాయి. ఆమె దారాన్ని బెజ్జంలోకి పంపడానికి ఊపిరి బిగబట్టిన క్షణంలో నేను రెండు సూదుల్ని ఒకటి చేయడానికి ఊపిరి బిగబట్టాను. వెలుతురు తక్కువగా ఉన్నందున ఎపర్చర్ ఎఫ్ 2.8 దగ్గర ఉంది. మీటరు దూరంలో, ఆ ఎపర్చర్‌తో, 40 మిల్లీమీటర్ల లెన్సు తేటగా చూపగలిగేది ముందూ వెనకా కలిపి పది సెంటీమీటర్ల మందమే. సూదులు కలిశాయి, నొక్కాను, షట్టర్ నాలుక చప్పరించినంత మెల్లని చప్పుడు చేసింది. అమ్మ తల కూడా ఎత్తలేదు.

రీలు కడిగించి ప్రింట్లు వేయించాక చూస్తే, సూది లేదు. అంటే ఉన్నది గానీ, వెండిరంగు మసకగా, తుడిచేసిన గీతలా ఉంది. అమ్మ వేళ్లూ అంతే. ఆమె భుజం మీది బట్ట నేత మాత్రం పోగు పోగు లెక్కపెట్టేంత తేటగా వచ్చింది. ఆ ఒక్క ఫ్రేమే అయితే చెయ్యి కదిలిందనో, ఆమె కదిలిందనో సరిపెట్టుకునేవాణ్ణి. దగ్గర నుంచి తీసిన ప్రతి ఫొటోలోనూ ఫోకస్ అనుకున్నచోటు కన్నా వెనకే పడింది. కళ్లకు బదులు చెవులు, పువ్వుకు బదులు దాని వెనక ఆకు. దూరపు ఫొటోలు, ఎండలో ఎపర్చర్ బాగా మూసి తీసినవి మాత్రం చక్కగా ఉన్నాయి. ఎఫ్ 8 దగ్గర పెట్టి, మూడు మీటర్లకు ఫోకస్ చేస్తే, ఈ లెన్సుకు రెండు మీటర్ల నుంచి దాదాపు ఐదున్నర మీటర్ల వరకు అంతా తేటగానే వస్తుంది కాబట్టి, అక్కడ తప్పు దాక్కుంది. ఎపర్చర్ తెరిచిన చోటల్లా బయటపడింది.

కారణం ఆ రాత్రే దొరికింది. డాబా మీదికి వెళ్లి కెమెరాను చంద్రుడి వైపు తిప్పాను. ఫోకస్ మీటను అనంతం గుర్తు దగ్గర ఆగేదాకా జరిపాను. చంద్రుడు ఒకటి కావలసిన చోట ఇద్దరు చంద్రులు పక్కపక్కన, అంచులు తాకుతూ నిలిచి ఉన్నారు. ఇంక జరపడానికి మీటకు చోటు లేదు. అంటే లెన్స్ ఎక్కడ ఆగాలో అక్కడే ఆగినా, లోపలి అద్దం మాత్రం చంద్రుడు ఇంకా ఎంతో దూరంలో ఉన్నట్టు చెబుతోంది. ఏళ్ల తరబడి తిన్న దెబ్బలకో, ఎవరో విప్పి బిగించినందుకో ఆ అద్దం వెంట్రుకవాసి తిరిగిపోయింది. దాని ఫలితమే అమ్మ భుజం.

ఇది చాలా చిన్న లోపం. తెలిసినవారి చేతుల్లో ఒక సన్నని మరను కొద్దిగా తిప్పితే సరిపోతుంది. నేను ఆ పని సొంతంగా చేయలేదు. పాత కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్ము పరుచుకునే పట్టాల మీద అర్ధపారదర్శకమైన ట్రేసింగు కాగితం ముక్కను బల్లపరుపుగా అంటించి, షట్టర్‌ను తెరిచి పట్టి, దూరపు దీపం ఆ కాగితం మీద చుక్కలా పడుతోందో లేదో భూతద్దంతో చూశారు. లెన్స్ సరిగానే ఉందని తేలాక మాత్రమే అద్దం జోలికి వెళ్లారు. ఈ వరుస ముఖ్యం. లెన్స్ సరిగా ఉందో లేదో చూడకుండా రేంజ్‌ఫైండర్‌ను దిద్దితే, తప్పుకు తప్పును సరిపెట్టినట్టే అవుతుంది. ఆయన పని చేస్తున్నంతసేపూ నేను పక్కన కూర్చుని చూశాను. ఈ విద్య తెలిసిన చేతులు ఎన్ని మిగిలి ఉన్నాయో, వాటి దగ్గర నేర్చుకుంటున్న కుర్రవాళ్లు ఎందరున్నారో అన్న ఆందోళన నన్ను అప్పటి నుంచీ వదలడం లేదు. ఫిల్ము ఇంకా తయారవుతోంది, కెమెరాలు ఇంకా దొరుకుతున్నాయి. వాటిని సరిచేసేవారు లేకపోతే ఆ రెండూ ఉండి ప్రయోజనం లేదు. మీ వ్యాసంలో ఈ మాట ఒక్క వాక్యంగానైనా ఉండవలసింది.

రెండో రీలు నుంచి నాకు అసలు కెమెరా తెలిసింది. బొమ్మలు కలిసిన చోటనే ఫోకస్ పడుతున్నదన్న నమ్మకం కుదిరాక, కన్ను ఆ మచ్చను వదిలి మిగతా కిటికీలోకి తిరగడం మొదలైంది. వెలుగు గీతలకు బయట కూడా కొంత లోకం కనిపిస్తుందన్న సంగతి అప్పుడు గమనించాను. గీతల్లోకి రాబోతున్న మనిషి రెండడుగుల ముందే కంటపడతాడు. సైకిలు వస్తోంది, పిల్లవాడు పరుగెత్తుకొస్తున్నాడు అని ముందే తెలుస్తుంది కాబట్టి, వచ్చేదాకా వేచి ఉండవచ్చు. ఎస్ఎల్ఆర్‌లో షట్టర్ నొక్కిన క్షణంలోనే అద్దం పైకి లేచి కన్ను చీకటైపోతుంది, అంటే ఫిల్ము మీద పడిన ఆ ఒక్క క్షణాన్నే తీసినవాడు చూడలేడు. ఇక్కడ ఆ క్షణం కంటి ముందే జరుగుతుంది. మనిషి రెప్ప వేశాడో లేదో రీలు కడగకముందే తెలిసిపోతుంది. 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు కొద్దిసేపటి ముందు ఆయన్ను కలిసి ఫొటోలు తీసిన ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ జీవితమంతా ఎక్కువగా లైకా రేంజ్‌ఫైండర్‌కూ, 50 మిల్లీమీటర్ల లెన్సుకూ ఎందుకు కట్టుబడి ఉన్నారో వ్యాఖ్యానాలు చదివితే నాకు అర్థం కాలేదు, ఈ కిటికీలోంచి నెల రోజులు చూశాక కొంత అర్థమైంది.

దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది, దాన్ని దాచి పొగడ్తలు రాయడం న్యాయం కాదు. లెన్స్ ఒక చోట, కన్ను చూసే కిటికీ మరో చోట ఉండటం వల్ల దగ్గరికి వెళ్లేకొద్దీ రెండూ చూసేది వేరవుతుంది. నా కెమెరాలో వెలుగు గీతలు ఫోకస్‌తో పాటు జరిగి కొంత సర్దుబాటు చేస్తాయి గానీ, పూర్తిగా కాదు. ముప్పావు మీటరు కన్నా దగ్గరికి అసలు వెళ్లలేను. అడ్డగీతలు తప్ప మరేమీ లేని చోట, ఉదాహరణకు మెట్ల అంచుల మీదనో మూసిన షట్టరు తలుపు మీదనో, బొమ్మలు కలిశాయో లేదో తెలియదు; కెమెరాను నిలువుగా తిప్పి ఫోకస్ చేసుకుని, మళ్లీ అడ్డంగా పట్టుకోవలసి వస్తుంది. లెన్స్ మూత తీయడం మరిచిపోయినా కిటికీలో అంతా మామూలుగానే కనిపిస్తుంది. మూడో రీలులో నాలుగు ఫ్రేములు అలా పోగొట్టుకున్నాను, వాటిలో ఒకటి మళ్లీ తీయడానికి వీలు కానిది. అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకొకటి: కిటికీలో అంతా తేటగా కనిపించడం వల్ల, ఫిల్ము మీద వెనకభాగం ఎంత మసకబారుతుందో కన్నుకు తెలియదు, లెక్కతో ఊహించుకోవాలి. దూరాన్ని ఊహించడం, మసకను ఊహించడం, వెలుతురును ఊహించడం, ఈ మూడూ తలలో నడుస్తుండగానే ఎదుటివారితో మాట్లాడుతుండాలి. అందుకే నెమ్మదిస్తాం. ఫ్రేములు 36 బదులు 360 ఉన్నా ఇలాంటి కెమెరాతో ఇంతే నెమ్మదిస్తామని నా అభిప్రాయం.

నెల తిరిగేసరికి ఒక మార్పు వచ్చింది, అది నేను కోరి తెచ్చుకున్నది కాదు. కెమెరా చేతిలో లేనప్పుడు కూడా దూరాలు కొలవడం అలవాటైంది. గదిలోకి ఎవరైనా వస్తే రెండున్నర మీటర్లు అని మనసులో ఒక అంకె పడుతోంది. మొదట్లో నా అంచనా సగానికి సగం తప్పేది; టేపు పట్టి కొలిచి కొలిచి సరిచేసుకున్నాను. ఇప్పుడు కెమెరాను కంటికి ఎత్తకముందే మీట దాదాపు సరైన చోటికి వచ్చేస్తుంది, మచ్చలో కొసరు సర్దుబాటు మాత్రమే మిగులుతుంది. ఆ మీటకు కింద ఉన్న చిన్న పిడి ఏ వైపు ఉంటే ఎంత దూరమో వేలికి గుర్తుండిపోయింది. చీకట్లో తలుపు గడియ ఎక్కడుందో చేతికి తెలిసినట్టు.

వెలుతురు విషయానికి వస్తే, నా కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ కోసం చేసినది. పాదరసం విషపదార్థం కనుక అలాంటి బ్యాటరీల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. వాటి బదులు మామూలు 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే మీటరు కదులుతుంది గానీ తప్పు చెబుతుంది. వినికిడి యంత్రాల్లో వాడే 1.4 వోల్టుల జింక్-ఎయిర్ బ్యాటరీ కొంత నయం, అది కొన్ని వారాలే పనిచేస్తుంది. నేను బ్యాటరీ మాటే మానేసి పాత సూత్రాన్ని పట్టుకున్నాను: నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్ 16, షట్టర్ వేగం ఫిల్ము ఐఎస్ఓ అంకెకు (వెలుతురుకు ఫిల్ము ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకెకు) దగ్గరగా. ఐఎస్ఓ 400 రీలుకు సెకనులో 500వ వంతు. మబ్బు పడితే ఎఫ్ 8, నీడలో ఎఫ్ 5.6. నెగటివ్ ఫిల్ము వెలుతురు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. అందుకని సందేహం వచ్చినప్పుడు ఒక మెట్టు తెరిచే ఉంచుతాను. నాలుగు రీళ్లలో వెలుతురు తప్పడం వల్ల పాడైన ఫ్రేములు ఏడెనిమిదికి మించలేదు.

కొనబోయేవారు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి, మీ వ్యాసంలో అవి రాలేదు కాబట్టి రాస్తున్నాను. అద్దం అమరికను చంద్రుడితోనో, దూరపు స్తంభంతోనో చూసుకోవచ్చని పైన చెప్పాను. బొమ్మలు అడ్డంగానే కాక నిలువుగానూ కలవాలి, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే అదీ దిద్దించవలసినదే. మచ్చ వెలిసిపోయి కనీ కనిపించకుండా ఉంటే అద్దం పూత పోయినట్టు. దాన్ని బాగుచేయడం అంత తేలిక కాదు, అలాంటిదాన్ని వదిలేయడమే మంచిది. వెనక తలుపు గాడుల్లో ఉండే నల్లటి నురుగు పట్టీలు ఈ వయసు కెమెరాల్లో దాదాపు అన్నిటిలోనూ జిగటగా కరిగిపోయి ఉంటాయి. నా మొదటి రీలులో ఫ్రేముల అంచున నారింజ రంగు చారలు వచ్చింది అందుకే. ఆ జిగురును స్పిరిట్‌తో తుడిచి, గాడుల్లో నల్ల ఊలు దారం పరిస్తే సరిపోయింది, దానికి ఒక సాయంత్రం పట్టింది. లెన్సులోకి వెనక నుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడు పోగుల్లాంటివి కనిపించాయంటే అది బూజు. కొద్దిగా ఉంటే శుభ్రం చేయించవచ్చు, గాజు పూతను తినేసిందంటే ఇక లాభం లేదు. షట్టర్‌ను సెకను దాకా అన్ని వేగాలకూ తిప్పి నొక్కి వినాలి. నెమ్మది వేగాల దగ్గర అది ఆగి ఆగి సాగుతుంటే లోపలి నూనె గట్టిపడినట్టు. అలాంటప్పుడు ఎవరూ దయచేసి సొంతంగా నూనె చుక్కలు వేయవద్దు, అది షట్టర్ రేకుల మీదికి పాకి ఉన్నదాన్ని కూడా చెడగొడుతుంది.

రష్యన్ జోర్కి, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో తయారైన ఫెడ్ వంటివి కొనేవారికి మరో మాట. వాటిలో రీలు తిప్పి షట్టర్‌ను బిగించాకే వేగం మార్చాలి, ముందే మారిస్తే లోపలి భాగాలు దెబ్బతింటాయి. గుడ్డ షట్టర్ ఉన్న ఏ రేంజ్‌ఫైండర్‌నైనా మూత తీసి ఎండకు ఎదురుగా ఉంచకూడదు. ఎస్ఎల్ఆర్‌లో లాగా ఎండను అడ్డుకునే అద్దం మధ్యలో లేదు కనుక, లెన్సు సూర్యుణ్ణి నేరుగా గుడ్డ మీద కేంద్రీకరించి కాల్చి బెజ్జం చేస్తుంది. బీరువాల్లోని కెమెరాల విషయంలో అతి సామాన్యమైన పొరపాటు వాటిని తోలు సంచిలోనే దాచడం. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, బూజుకు అంతకన్నా అనువైన చోటు లేదు. సంచిలోంచి తీసి, గాలి తగిలే చోట, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లంతో ఉంచి, నెలకోసారి షట్టర్‌ను అన్ని వేగాల్లో నాలుగైదు సార్లు నొక్కితే చాలు.

రీలు ఎక్కించేటప్పుడు ఒకే ఒక్క జాగ్రత్త నేను ప్రతిసారీ పాటిస్తున్నాను. తలుపు మూశాక, ఎడమ వైపున్న రీలు వెనక్కి చుట్టే పిడిని బిగువయ్యేదాకా మెల్లగా తిప్పి, ఆ తర్వాత ఫ్రేము ముందుకు జరుపుతాను. జరిపినప్పుడు ఆ పిడి తనంతట తాను తిరిగితే లోపల ఫిల్ము కదులుతున్నట్టు. తిరగకపోతే ఫిల్ము కొస దాన్ని చుట్టుకునే కడ్డీకి పట్టుకోలేదని అర్థం. అప్పుడు 36 సార్లు నొక్కినా ఒక్క ఫొటో కూడా ఉండదు.

బాగుచేయించాక అమ్మను మళ్లీ అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి తీశాను. ఈసారి సూది బెజ్జం అంచున పడిన వెలుతురు చుక్క కూడా వచ్చింది, చూపుడువేలి మీద పాత కత్తిగాటు వచ్చింది. ఆమె ముఖం కొద్దిగా మసకగా ఉంది, ఎందుకంటే అది సూదికి పదిహేను సెంటీమీటర్లు వెనక ఉంది. రెండూ తేటగా రావాలంటే ఎపర్చర్ ఎఫ్ 8 దాకా మూయాలి, ఆ కిటికీ దగ్గర అంత వెలుతురు లేదు. వేళ్లా ముఖమా అన్నది ముందే తేల్చుకోవాలి. నేను వేళ్లను ఎంచుకున్నాను. అమ్మకు మాత్రం మొదటి రీలులోని భుజం ఫొటోయే నచ్చింది, అందులో తన ముఖం కొంచెం మెరుగ్గా కనిపిస్తోందట.

ఈ వ్యాసానికి తరువాయి భాగం వేసే ఆలోచన మీకు ఉన్నట్లయితే, పాత కెమెరా కొనేముందు చేయవలసిన పరీక్షలకూ, వాటిని బాగుచేసే విద్య ఇంకా తెలిసి ఉన్నవారి అనుభవాలకూ అందులో చోటు కల్పించగలరని కోరుతున్నాను. అలాగే 1925, 1932 సంవత్సరాల విషయంలో పైన చెప్పిన సవరణను వీలు చూసుకుని ప్రచురించగలరని మనవి.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు